పడని బ్రేకరు, అలిగిన మామ

ఆదోనిలో హంపయ్య శెట్టి మిల్లులో ఒక పక్క పత్తి గింజ తీసే జిన్నింగు, ఇంకో పక్క నూనె గానుగలు ఉండేవి. రెండింటికీ కరెంటు పని చూసేవాడు మద్దయ్య. ఊళ్ళో మిగతా మిల్లుల వాళ్ళు అతన్ని చూపించి "ఈయప్ప బ్రేకరు పడదు" అని చెప్పుకునేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే మద్దయ్య విననట్టు నటించి, ఇంకోసారి అంటారేమోనని నడక నెమ్మది చేసేవాడు.

మిల్లుకు వచ్చే పెద్ద కరెంటంతా ఇనుప బీరువాలాంటి ఒకదాని గుండా లోపలికి వస్తుంది. అదే బ్రేకరు. దాని పక్కన గాజుపెట్టెలో రిలే అని ఒకటి కాపలా ఉంటుంది. ఎక్కడైనా తీగలు కలిసినా, మోటారు కాలినా రిలే కనిపెట్టి బ్రేకరుకు చెబుతుంది. బ్రేకరు పడుతుంది. మిల్లంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. పత్తి సీజనులో ఆదోనిలో ఏదో ఒక మిల్లులో బ్రేకరు పడని రోజుండేది కాదు. పక్క మిల్లులో గిడ్డయ్య చూసే బ్రేకరైతే మరీ. కాకి వాలినా పడుతుందని పేరు. అది పడినప్పుడల్లా అక్కడి ఆడవాళ్ళు బయటికొచ్చి నీడన కూర్చుని ఆకువక్క వేసుకునేవాళ్ళు. హంపయ్య శెట్టి మిల్లులో పత్తి ఏరే ఏసమ్మ గోడ మీదుగా వాళ్ళను చూసి నిట్టూర్చేది.

"మద్దన్నా, నీ బ్రేకరుకు ఒగ పూటన్నా జొరం రాదా? గిడ్డన్న మిల్లోళ్ళు సూడు, ఎంత సుకంగా కూసున్నారో."

"అది పడితే నా మానం పడినట్లే ఏసమ్మా. నువ్వు పత్తి ఏరు."

మద్దయ్య ఆ బ్రేకరును దేవుణ్ణి చూసుకున్నట్టు చూసుకునేవాడు. మిల్లు ఆపాలంటే మోటార్లను ఒక్కొక్కటిగా ఆపేవాడే గాని దాని పిడి మీద చెయ్యి వేసేవాడు కాదు. ప్రతి ఆయుధపూజకు ఒళ్ళంతా తుడిచి, బొట్టు పెట్టి, టెంకాయ కొట్టి, మిల్లులో తీసిన మంచి కుసుమనూనె తెచ్చి దాని కీళ్ళకు పోసేవాడు. బజారులో దొరికే మిషన్ నూనె కల్తీదని అతని అనుమానం. కుసుమనూనె పలచగా ఉంటుంది, సందుసందుకూ దిగుతుంది, పైగా కళ్ళెదుట తీసింది.

డెబ్బై ఎనిమిదిలో మద్దయ్య తన ఒక్కగానొక్క కూతురు ఉరుకుందమ్మను ఎమ్మిగనూరు లక్ష్మప్పకిచ్చి పెళ్ళి చేశాడు. లక్ష్మప్ప అక్కడ ఒక ఎలక్ట్రికల్ కంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. పెళ్ళిచూపులనాడు ఏం పని అని అడిగితే, "బ్రేకర్లు, రిలేలు టెస్టు సేస్తాను మామా" అన్నాడు. మద్దయ్యకు బ్రేకరన్న మాట వినబడింది, మిగతాది వినబడలేదు. "మనోడేనే" అని భార్య దేవక్కకు చెప్పాడు. సంబంధం కుదిరిపోయింది.

పెళ్ళయిన కొన్నాళ్ళకే ఆషాఢం వచ్చింది. ఉరుకుందమ్మ పుట్టింటికి వచ్చింది. ఆషాఢంలో కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు గనక లక్ష్మప్ప ఎమ్మిగనూరులో ఉండిపోయాడు. అంతా పద్ధతి ప్రకారమే జరుగుతుండగా ఇన్సూరెన్సు వాళ్ళు వచ్చి పడ్డారు. ఎక్కడో పత్తి గోడౌను ఒకటి కాలిపోయిందట. ఇకమీదట ప్రతి మిల్లూ సీజనుకు ముందే బ్రేకర్లను పరీక్ష చేయించుకోవాలి, బాగున్నాయని సర్టిఫికెట్టు చూపించాలి అన్నారు. హంపయ్య శెట్టి ఎమ్మిగనూరు కంట్రాక్టరుకు ఫోను చేశాడు. కంట్రాక్టరు దగ్గర పరీక్షపెట్టె ఒక్కటే, దాన్ని వాడటం తెలిసిన మనిషి ఒక్కడే.

"నేను పోనన్నా," అన్నాడు లక్ష్మప్ప. "ఆషాడం. పైగా ఆడ మా మామ ఉండాడు."

"నువ్వు పొయ్యేది మిల్లుకు గదప్పా. మిల్లుకు యాడుంది ఆషాడం?" అన్నాడు కంట్రాక్టరు.

అలా లక్ష్మప్ప పెట్టె మోసుకుని ఆదోని బస్సెక్కాడు.

అల్లుడు వస్తున్నాడంటే దేవక్కకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఇంట్లోకి రానివ్వకూడదు, బయట తిననివ్వకూడదు. చివరికి దారి చూపినవాడు ఉస్మాన్ సాబ్. అతను మిల్లులో గానుగలు చూసేవాడు, మద్దయ్య ఇంటికి గోడ అవతలి ఇల్లే. "మా ఇంట్లో దిగుతాడులే అక్కా. మాకు ఆషాడం పట్టింపు లేదు గదా. నువ్వు వండి గోడమింద పెట్టు," అన్నాడు. దేవక్క పూర్ణం ఓళిగలకు పప్పు నానబోసింది.

మరుసటి పొద్దున మిల్లులో పరీక్ష. మద్దయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బ్రేకరుకు కొత్తగా బొట్టు పెట్టి, పెళ్ళికూతుర్ని చూపించినట్టు అల్లుడికి చూపించాడు.

"సూడప్పా. నేను ఈ మిల్లులో సేరినప్పటి నుంచి ఒగసారి గూడా పడలేదు."

"ఒగసారి గూడానా మామా?" అన్నాడు లక్ష్మప్ప. ఆ గొంతులో మెచ్చుకోలు ఉందనుకున్నాడు మద్దయ్య. ఉన్నది అనుమానం.

బయట స్తంభం దగ్గర లైను తీయించి, లక్ష్మప్ప తన పెట్టెలోంచి రిలేకు తీగలు తగిలించాడు. నిజంగా ప్రమాదం జరగకుండానే, జరిగినట్టు రిలేను నమ్మించడం ఆ పెట్టె పని. కొద్దికొద్దిగా కరెంటు పెంచాడు. గాజు లోపల బిళ్ళ మెల్లగా తిరిగింది. లోపల టక్కుమంది. రిలే చెప్పాల్సిన మాట చెప్పింది. బ్రేకరు మాత్రం ఉలకలేదు. ఇంకా పెంచాడు. మళ్ళీ టక్కుమంది. బ్రేకరు అలాగే ఉంది.

లక్ష్మప్ప పెట్టె మీంచి చెయ్యి తీశాడు.

"మామా, పడలేదు."

"యాడ పడతాది? నేను సెప్పలేదా?"

"మామూలు కరెంటుకు ఐదింతలు పెట్టినాను మామా."

మద్దయ్య కళ్ళు పెద్దవయ్యాయి. "ఐదింతలు పెట్టినా పడలేదా?"

"పడలేదు. అంటే మామా, అది..."

ఆ తర్వాతి మాట వినడానికి మామ అక్కడ లేడు. "ఓ ఉస్మానూ, ఐదింతలంటప్పా," అంటూ గానుగల వైపు పోతున్నాడు. ఉస్మాన్ సాబ్ ఆ మాటను ఆఫీసు గదికి మోశాడు. హంపయ్య శెట్టి బయటికొచ్చి మద్దయ్య వీపు తట్టి, అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. బజ్జీలు తెచ్చిన మనిషి ఆ కబురును తిరిగి హోటలుకు తీసుకుపోయాడు. అక్కడ ఉగ్గాని తింటున్న గిడ్డయ్య ఐదింతల మాట విని, సగం ప్లేటు వదిలేసి లేచిపోయాడని తర్వాత చెప్పుకున్నారు.

లక్ష్మప్ప చేతిలో ఎవరో బజ్జీ పెట్టారు. అది పట్టుకుని అతను బ్రేకరు పక్కనే నిలబడి ఉన్నాడు. పడాల్సినప్పుడు పడటానికే బ్రేకరు ఉన్నదనీ, పడకపోతే అది ఉత్త ఇనుప బీరువా అనీ చెప్పాలి. కొత్త అల్లుడు మిల్లంతా చూస్తుండగా మామతో ఆ మాట ఎలా అంటాడు?

మధ్యాహ్నం ఉస్మాన్ సాబ్ ఇంట్లో అతని ముందు ఓళిగలు, నెయ్యి పెట్టారు. ఉరుకుందమ్మ గోడ చుట్టూ తిరిగి వచ్చి వడ్డించింది. అతను తుంచుతున్నాడు గాని తినడం లేదు.

"ఓళిగలు బాగలేవా?"

"బాగుండాయి."

"మరి ఆ మొకమేంది? మా నాయన బ్రేకరు గెలిచిందంట గదా. ఈదంతా అదే మాట."

"గెలవలేదు," అన్నాడు లక్ష్మప్ప. "ఓడిపోయింది. అది సెడిపోయింది ఉరుకుందూ. మీ నాయనకు సెప్పేకి నాకు నోరు రావడంలేదు."

గోడ అవతల చేట కిందపెట్టిన చప్పుడైంది. దేవక్క అంతసేపూ అక్కడే ఉంది. అల్లుడికి మొహం చూపించకూడదు గనక గోడకు అవతలే ఉండి అడిగింది.

"నాయనా, నాకొగటి సెప్పు. అది పడాల్నా, పడకూడదా?"

దేవక్కది గోనెగండ్ల దగ్గర సేద్యగాళ్ళ ఇల్లని లక్ష్మప్పకు తెలుసు.

"అత్తా, బండికి కట్టిన ఎద్దు కాలుజారి కింద పడిందనుకో. మెడకుండే పట్టెడను ఏం సేస్తారు?"

"బిన్నా, గబుక్కున ఊడదీస్తారు. లేకుంటే మెడకు బిగుసుకొని సస్తుంది గదా."

"ఆ పట్టెడ ఊడిరాకుంటే?"

"మా నాయన ఎద్దు అట్లే సచ్చింది," అంది దేవక్క. తర్వాత ఆమె అడుగులు ఇంట్లోకి పోవడం వినిపించింది.

దేవక్క మాటను చుట్టి చెప్పే మనిషి కాదు. బజ్జీల సంతోషంతో ఇంటికి వచ్చిన మద్దయ్యకు తలుపు దగ్గరే ఎదురై, "నీ బ్రేకరు ఎద్దును సంపేదంట," అంది. ఏ ఎద్దు అని అతను అడిగాడు. ఆమె మొదటి నుంచి చెప్పింది. మద్దయ్య విన్నాడు. ఇస్త్రీ చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. నులకమంచం వసారాలోకి లాక్కుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"అన్నం తిందువు రా."

"నాకొద్దు."

అత్తగారింట్లో అల్లుడు అలగడం అందరూ చూసిందే. మామ అలగడం ఆ వీధిలో అదే మొదలు. నీళ్ళకు పోతున్న ఆడవాళ్ళు బిందెలు దించి అడిగారు. "అలిగిందెవరు, అల్లుడా?" "కాదు, మామ." "అల్లుడు యాడుండాడు?" "సాబు ఇంట్లో." ఇది మామూలుగా తెగే తగాదా కాదని వాళ్ళకు అర్థమైంది. బిందెలు దించినవాళ్ళు మళ్ళీ ఎత్తుకోలేదు.

రాయబారానికి ఉస్మాన్ సాబే వచ్చాడు. మంచం పట్టె మీద కూర్చుని, అలిగిన పెళ్ళికొడుకును అడిగినట్టే అడిగాడు.

"ఏం గావాల్నో సెప్పు మద్దయ్యా. వాచీ గావాల్నా? సైకిలు గావాల్నా?"

మద్దయ్య గోడవైపే తిరిగి జవాబు చెప్పాడు. "ఆ పిల్లోని పెట్టెను ఎవరు టెస్టు సేసినారో అడిగి రా. నా బ్రేకరు తప్పంటాడే, ఆయన పెట్టె మంచిదని గ్యారంటీ ఏముంది?"

ఉస్మాన్ సాబ్ గోడ చుట్టూ తిరిగి వెళ్ళి ఆ ప్రశ్న అడిగాడు. లక్ష్మప్ప తల దించుకున్నాడు. పెట్టెను అప్పుడప్పుడూ హైదరాబాదు పంపి సరిచూయించాలి. పోయిన యేడే పంపాల్సింది. పని ఒత్తిడిలో కంట్రాక్టరు పంపలేదు.

"మామ అడిగింది న్యాయమే," అన్నాడు. "నా పెట్టెది తప్పు గూడా కావచ్చు. యాడన్నా బాగా పడే బ్రేకరు ఉంటే దాని మింద పెట్టి సూద్దాం."

ఈ జవాబు విని మద్దయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. అల్లుడు ఎదురు తిరుగుతాడనుకున్నాడు గాని ఒప్పుకుంటాడనుకోలేదు. అది కాస్త నచ్చింది. వెంటనే, ఆదోనిలో బాగా పడే బ్రేకరు ఎవరిదో గుర్తుకొచ్చింది. మళ్ళీ పడుకోవాలనిపించింది.

"గిడ్డయ్యది," అన్నాడు ఉస్మాన్ సాబ్, చెప్పక తప్పదన్నట్టు.

మరుసటి రోజు ముగ్గురూ జట్కా మీద పెట్టెను పెట్టుకుని పక్క మిల్లుకు పోయారు. నిజానికి నడిచే దూరమే. కాని మద్దయ్య గిడ్డయ్య గేటులోకి నడిచి పోనన్నాడు. గిడ్డయ్యకు సంగతంతా అప్పటికే తెలుసు. తెలియనట్టు, "ఏమన్నా, ఇట్ల దారి తప్పినావు?" అని కుర్చీ వేయించాడు.

లక్ష్మప్ప పెట్టె తగిలించి కరెంటు పెంచాడు. బిళ్ళ తిరిగింది, టక్కుమంది, ఆ వెంటనే గిడ్డయ్య బ్రేకరు 'ధన్' మని పడింది. మళ్ళీ ఎక్కించి మళ్ళీ చేశారు. మళ్ళీ పడింది. లక్ష్మప్ప దగ్గరున్న కాగితంలో ఎంతసేపట్లో పడాలని రాసి ఉందో అంతసేపట్లోనే పడింది.

"నాది పడుతుందని ఊరంతా నవ్వుతారు," అన్నాడు గిడ్డయ్య. "నేనేం సేసేది? మా సావుకారి పాత మోటార్లు మార్చడు. అవి కాలబోతే ఇది పడుతుంది. దానికి ఏం తెలుసు, పాపం."

మద్దయ్య జట్కాను పంపించేసి, తిరిగి నడిచే వచ్చాడు. మిల్లులోకి రాగానే పానాలు, స్క్రూడ్రైవరు తీసి, ఇన్నేళ్ళలో మొదటిసారి బ్రేకరు వెనక రేకు ఊడదీశాడు. లక్ష్మప్ప సాయానికి వంగబోతే చేత్తో ఆపాడు. లోపలికి తల పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత వేలు పెట్టి గీకి, ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఉస్మానూ, ఇట్ల రా. ఇది ఏందో సెప్పు."

ఉస్మాన్ సాబ్ నూనెలోనే పుట్టి పెరిగిన మనిషి. ఒక్కసారి వాసన చూసి, "కుసుమనూనె. పాకం పట్టింది," అన్నాడు.

కుసుమనూనె గాలి తగిలితే బంకవుతుంది, ఆ బంక ఏళ్ళు గడిస్తే లక్కవుతుంది. ప్రతి ఆయుధపూజకూ పోసిన నూనె పొర మీద పొర పేరుకుని, పడాల్సిన కొక్కెం ఊడకుండా కరిచి పట్టుకుంది. రిలే ఎంత మొత్తుకున్నా అది కదలదు. మద్దయ్య నేల మీద కూలబడ్డాడు.

"సంపినాను గదప్పా దీన్ని. పూజ సేసి సేసి సంపినాను."

"సావలేదు మామా, అంటుకుంది అంతే," అన్నాడు లక్ష్మప్ప. "కిరసనాయిలు ఉందా?"

ఆ మధ్యాహ్నమంతా మామా అల్లుళ్ళు బ్రేకరు వెనక గొంతుకూర్చుని, కిరసనాయిల్లో ముంచిన గుడ్డపీలికలతో ఆ లక్కను కరిగించి గీకారు. పెళ్ళైనప్పటి నుంచి వాళ్ళిద్దరూ కుశలప్రశ్నలు తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. ఇప్పుడు మాటలు వచ్చాయి. ఎమ్మిగనూరులో తన తండ్రి మగ్గం గురించి లక్ష్మప్ప చెప్పాడు. మొదటిసారి షాకు కొట్టినప్పుడు తాను మంత్రాలయం రాయరు స్వామికి మొక్కుకున్న సంగతి, ఆ మొక్కు ఇంకా తీర్చని సంగతి మద్దయ్య చెప్పాడు. కొక్కేనికి ఈసారి బ్రేకరు కంపెనీ వాళ్ళు చెప్పిన గ్రీసే రాశారు.

మిల్లు ఆడవాళ్ళు, ఆఫీసు గుమాస్తాలు, ఉస్మాన్ సాబ్ గానుగల మనుషులు అందరూ చుట్టూ చేరాక లక్ష్మప్ప మళ్ళీ పెట్టె తగిలించాడు. బిళ్ళ తిరిగింది, టక్కుమంది. బ్రేకరు 'ధన్' మని పడింది. మద్దయ్య అదిరిపడి వెనక్కి తూలి ఉస్మాన్ సాబ్ కాలు తొక్కాడు. తర్వాత అతని మొహమంతా నవ్వయింది. "పడింది," అన్నాడు. "పడింది గదా," అని మళ్ళీ అన్నాడు.

చప్పుడు విని హంపయ్య శెట్టి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది?"

"బ్రేకరు పడింది సావుకారీ," అన్నాడు మద్దయ్య సంతోషంగా.

శెట్టి అల్లుడి మొహం చూశాడు, మామ మొహం చూశాడు. "నిన్న పడలేదని బజ్జీలు తింటిరి. ఈ పొద్దు పడిందని నవ్వుతాండారు. ఏదన్నా ఒగటి సెప్పండప్పా, నేను గూడా అదే పట్టుకుంటాను."

చెప్పారు. పట్టెడ సంగతి దగ్గర శెట్టికి కూడా అర్థమైంది. గోడౌను నిండా పత్తి పెట్టుకుని ఇన్నేళ్ళూ నిద్రపోయానే అని అతనికి ఆ పూట ఆకలి వెయ్యలేదు. లక్ష్మప్ప సర్టిఫికెట్టు మీద సంతకం చేసి ఇచ్చాడు. ఎమ్మిగనూరు పోగానే పెట్టెను హైదరాబాదు పంపితే గాని ఇంకో పనికి కదలనని కంట్రాక్టరు దగ్గర మొండికేసి పంపించాడు.

పత్తి సీజను మొదలైంది. హంపయ్య శెట్టి బ్రేకరు పడటం మొదలుపెట్టింది. మొదటి వారంలోనే రెండుసార్లు పడింది. ఏసమ్మ జట్టుకు కూర్చునే భాగ్యం కలిగింది. "మీ అల్లుడు సల్లగుండాల మద్దన్నా," అని ఆమె ఆకువక్క నములుతూ దీవించింది. మద్దయ్యకు మొదట్లో తల కొట్టేసినట్టుండేది. కాని పడిన ప్రతిసారీ ఎందుకు పడిందో వెతకాలి గదా. వెతికితే ఒకసారి కాలబోతున్న మోటారు దొరికింది, ఇంకోసారి వదులైన కేబులు జాయింటు. ఇవన్నీ ఇన్నాళ్ళూ తన మిల్లులోనే ఉన్నాయా అని అతను ఆశ్చర్యపోయాడు. సాయంత్రం పూట గిడ్డయ్యతో కలిసి హోటల్లో కూర్చుని, ఇవాళ మీది ఎందుకు పడింది, మాది ఎందుకు పడింది అని కష్టసుఖాలు మాట్లాడుకోవడం అలవాటైంది.

ఆ చలికాలంలో ఒక రోజు ఎమ్మిగనూరు కంట్రాక్టరు ఆఫీసులో ట్రంకుకాల్ మోగింది. కంట్రాక్టరు ఎత్తాడు. "ఎవరు? గట్టిగా మాట్లాడప్పా" అని కాసేపు అరిచి, రిసీవరు పెట్టేసి, లక్ష్మప్ప వైపు తిరిగాడు. అతని మొహం మారిపోయింది.

"మీ మామ. ఆదోని నుంచి."

"ఏమంట?"

"'పడింది' అన్నాడు. ఇంగ మాట రాలేదు. ఏడుస్తాండాడప్పా. అంతలోనే లైను తెగిపోయింది."

"ఎవరు పడింది?"

"అది సెప్పలేదు."

బ్రేకరు పడితే మామ ఏడవడు. అది వారం వారం పడుతూనే ఉంది. లక్ష్మప్ప ఇంటికి పరిగెత్తాడు. ఉరుకుందమ్మ మాట వినగానే గుండె బాదుకుంది. "మా అమ్మే. బావిగట్టు జారుతుందని ఎన్ని తూర్లు సెప్పినా ఇనేది కాదు."

ఇద్దరూ ఆదోని బస్సెక్కారు. ఉరుకుందమ్మ ఏడుపు చూసి పక్కన కూర్చున్న ఆమె ఎందుకని అడిగింది. మా అమ్మ బావిలో పడింది అంది ఉరుకుందమ్మ. వెనక సీట్లోకి ఆ మాట చేరేసరికి బావి లోతు పెరిగింది. డ్రైవరు దాకా పోయేసరికి దేవక్క చచ్చిపోయింది. డ్రైవరు మధ్యలో ఆపాల్సిన చోట కూడా ఆపకుండా బస్సు తోలాడు. ఎవరో ఒక ముసలామె చెంగుతో ఉరుకుందమ్మ కళ్ళు తుడుస్తూ, "నేను గూడా వస్తాను పాపా, ఇట్లాంటప్పుడు మనిషి తోడుండాల," అని వాళ్ళతోపాటే దిగింది.

ఇంటికి పోయేసరికి దేవక్క పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతోంది. ఏడుస్తూ వచ్చిన కూతుర్ని చూసి, అల్లుడితో ఏదో జరగరానిది జరిగిందనుకుని, రొట్టె వదిలేసి ఆమే గట్టిగా ఏడుపు మొదలుపెట్టింది. తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ముసలామె కూడా కలిసింది. పెనం మీద రొట్టె మాడింది.

"అత్తా," అన్నాడు లక్ష్మప్ప చివరికి. "నువ్వు పడలేదా?"

"నేనేంటికి పడతాను?"

లక్ష్మప్ప మిల్లుకు పోయాడు. మిల్లు ఆగి ఉంది. మద్దయ్య గోడౌను వాకిట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. అల్లుణ్ణి చూసి గోడ వైపు చెయ్యి చూపించాడు. గోడ వారగా ఒకచోట కేబులు పైతొక్కు లేచిపోయి ఉంది. పందికొక్కు కొరికింది. అక్కడ రెండు తీగలు కలిశాయి. పక్కనే ఉన్న పత్తి గుప్పెడంత నల్లబడి, అంతటితో ఆగిపోయింది.

"నిప్పు లేసింది," అన్నాడు మద్దయ్య. "ఆ సనంలోనే బ్రేకరు పడింది. కరెంటు తెగింది. కాలితో తొక్కితే ఆరిపాయ." ఆగాడు. "లోపల ఏసమ్మోళ్ళు ఉండ్రి అల్లుడా. పత్తి తొక్కుతాండ్రి. ఎనక వాకిలి గూడా లేదు."

లక్ష్మప్ప పక్కనే కూర్చున్నాడు. ఆ నల్లటి పత్తిని మద్దయ్య అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు.

"నీకు సెప్పాలనిపించింది," అన్నాడు మద్దయ్య. "ఫోను ఎత్తినాక నోట్లోంచి ఆ ఒక్క మాటే వచ్చింది."

"ఆ ఒక్క మాటకు ఎమ్మిగనూరు నుంచి ఈడిదాకా బస్సు బస్సంతా ఏడ్చింది మామా."

జరిగింది విని మద్దయ్య కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాడు. తర్వాత ఇద్దరూ కొత్త కేబులు ముక్క వేసి, పందికొక్కు బొక్కను సిమెంటుతో పూడ్చి, చీకటి పడకముందే ఇల్లు చేరారు. దేవక్క కోపంగా ఉంది గాని, అందరికీ వంట చేసే కోపంగా ఉంది. పుంటికూర పప్పు దించి, వేడి వేడి రొట్టెలు వేస్తోంది. వసారాలో ముసలామె కంచం ముందు కూర్చుని తింటోంది.

దేవక్క కూతుర్ని లోపలికి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది. "ఆ యమ్మ మీ అత్తగారి తరపామెనా? నేను పలకరించేకి ఎవరని పిలవాల?"

"నాకు తెల్దమ్మా. నీకు తెలుసనుకున్నాను."

దేవక్క వసారాలోకి వచ్చి నిలబడింది. "అవ్వా, నీదే ఊరు?"

"కోసిగి," అంది ముసలామె. "నువ్వు సచ్చినావంటే, కడసారి సూసిపోదామని దిగితిని తల్లీ. కడాకు బతికే ఉంటివి. మంచిదే అయింది." కంచం వైపు చూసుకుని, "పప్పులో రవ్వంత ఉప్పు తక్కువైంది," అంది.

దేవక్క లోపలికి పోయి ఉప్పు తెచ్చింది. ఇంకో రొట్టె కూడా తెచ్చి ఆమె కంచంలో వేసింది.